వాన ఏ నెలలో పడింది

అది 2019 వేసవి. జార్జియాలోని కమ్మింగ్‌లో మా ఇంటి బేస్‌మెంట్‌లో ఒక టేబులు, రెండు కుర్చీలు, ఒక కంప్యూటర్ ఉంటాయి. నా పంచాంగం ఆఫీసు అదే. పగలు ఒక వేర్‌హౌస్‌లో ఇన్వెంటరీ చూస్తాను. సాయంత్రాలు, శని ఆదివారాలు తిథులు కడతాను. పంచాంగ గణితం నాకు ఎవరూ నేర్పలేదు. పుస్తకాలు తెచ్చుకుని, తప్పులు చేసి, ఆ తప్పులు పట్టుకుని నేర్చుకున్నదే.

ఈ పని గురించి రెండు మాటలు. చంద్రుడు సూర్యుడి నుంచి పన్నెండు డిగ్రీలు జరిగితే ఒక తిథి. అది మారే క్షణం ప్రపంచమంతటికీ ఒక్కటే. సన్‌రైజ్ మాత్రం ఊరూరికీ వేరు. అందుకే హైదరాబాదులో ఏకాదశి అయిన రోజు అట్లాంటాలో ఏకాదశి కాకపోవచ్చు. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది అడిగేది తద్దినం ఏ రోజు పెట్టాలన్నదే.

ఆ వేసవిలో వచ్చిన వసంతగారు అడిగింది అది కాదు. ఆవిడ అల్ఫారెట్టాలో పిల్లల డాక్టరు. కుంభకోణం దగ్గర ఒక పల్లెలో, తెలుగు మాట్లాడే వైష్ణవ కుటుంబంలో పుట్టారు. 1967లో, ఆవిడ ఒకటో తరగతిలో ఉండగా, తండ్రి ఇల్లు వదిలి అక్కడి మఠంలో చేరి సన్యాసం తీసుకున్నారు. తల్లి ఆవిణ్ణి తీసుకుని రాజమండ్రిలో పుట్టింటికి వచ్చేశారు. ఆ తండ్రి మొన్న మాఘంలో పోయారని, వచ్చే మాఘంలో మొదటి ఆరాధనకి, అంటే సన్యాసి పోయిన తిథికి ఏటా మఠంలో చేసే పూజకి, రమ్మని మఠం నుంచి కబురు వచ్చింది.

"ఆరాధన తేదీ వాళ్ళే చెబుతారు కదండీ" అన్నాను.

"చెప్పారు. నాకు కావలసింది ఆయన పోయిన తేదీ కాదు, ఇంట్లోంచి వెళ్ళిపోయిన తేదీ."

సన్యాసం తీసుకునేవాళ్ళు ముందే తమ శ్రాద్ధం తామే పెట్టుకుంటారు. ఆ తర్వాత ఇంటివాళ్ళు చేయాల్సింది ఏమీ ఉండదు. ఆ రోజుని గుర్తు పెట్టుకోవాలనుకుంటున్నారా అని అడిగాను. ఆవిడ తల అడ్డంగా ఊపారు.

"నాకొక తమ్ముడు ఉండేవాడు. ఎనిమిది నెలలవాడు. ఆ ఏడే కృష్ణాష్టమి మర్నాడు జ్వరంతో పోయాడు. జబ్బు పిల్లాణ్ణి వదిలేసి పోయిన మనిషి అని మా అమ్మ తరఫువాళ్ళు ఆయన్ని తిడుతుంటే వింటూ పెరిగాను. అమ్మ ఔననీ అనలేదు, కాదనీ అనలేదు. ఇప్పుడు అడగడానికి అమ్మ కూడా లేదు. ఆయన వెళ్ళింది తమ్ముడు పోక ముందా, పోయాకా? అది తేలితే ఆరాధనకి వెళ్ళాలో వద్దో డిసైడ్ చేసుకుంటాను."

"మీకు గుర్తున్నది చెప్పండి."

"పెద్ద వాన. స్కూల్ లేదు. అమ్మ ఏకాదశి ఉపవాసం. ఆయన గొడుగు కూడా తీసుకోలేదు. అంతే."

నేను పుస్తకాలు తీస్తుంటే ఆవిడే మళ్ళీ మాట్లాడారు. ఆయన పోయినప్పటి నుంచీ సన్యాసుల గురించి చదువుతున్నారట. "తమిళదేశంలో రెండువేల ఏళ్ళ కిందటే మూడు కర్రలు ఒకటిగా కట్టి పట్టుకుని, కమండలంతో, తాటాకు గొడుగు కింద తిరిగేవాళ్ళు ఉండేవారట. జైనులైతే కొండగుహల్లో రాతి పడకల మీద పడుకునేవారు. ఊళ్ళోవాళ్ళు పిలిచి అన్నం పెట్టేవారట. వాళ్ళ పెళ్ళాం పిల్లలకి ఎవరు పెట్టారో మాత్రం ఎవరూ రాయలేదు ప్రసాద్‌గారూ."

కంప్యూటర్ ముందు కూర్చున్నాను.

వాన, ఏకాదశి, ఆవిడ ఒకటో తరగతి చదివిన ఏడు. మాది కాకినాడ. వాన అనగానే నాకు ఆషాఢ శ్రావణాలు. ఆషాఢంలో తొలి ఏకాదశి. ఆ దాపులనే సన్యాసులు చాతుర్మాస్యం మొదలుపెడతారు. అంటే వానాకాలంలో తిరగడం మానేసి ఒకేచోట ఉండే వ్రతం. ఏడాదంతా నడిచేవాళ్ళు, వానలకి పుట్టుకొచ్చే పురుగూ పుట్రా కాలికింద పడకూడదని ఆగిపోయేవారు. మఠంలో చేరాలనుకునేవాడు ఆ వ్రతానికి ముందు వెళ్ళడం కంటే సహజం ఏముంది? అన్నీ అతికినట్టు సరిపోయాయి. తొలి ఏకాదశికి కృష్ణాష్టమి నెలన్నర తర్వాత వస్తుంది.

"ముందే వెళ్ళినట్టుందండీ" అన్నాను.

వసంతగారు హ్యాండ్‌బ్యాగ్ భుజాన వేసుకున్నారు. "థాంక్స్. టికెట్ బుక్ చేసే పని తప్పింది." మెట్ల దాకా వెళ్ళి ఆగారు. "ఆయన యాభై ఒక్క చాతుర్మాస్యాలు చేశారని మఠంవాళ్ళు గొప్పగా చెప్పారు. ఒక్కటి తగ్గినా ఫరవాలేదు, తమ్ముడి దగ్గర ఉండాల్సింది."

సన్యాసి వయసు పుట్టిన రోజు నుంచి లెక్కించరు, చేసిన చాతుర్మాస్యాలతో చెబుతారు. ఆ సంఖ్య నన్ను వదల్లేదు. నేను కట్టిన తేదీ ప్రకారం 1967 నుంచి నిరుటి దాకా యాభై రెండు రావాలి. ఒకటి తేడా. మొదటి ఏడు దండం ఇచ్చి సన్యాసంలోకి తీసుకోలేదేమో అని సర్దుకోవచ్చు. కానీ నా అనుభవంలో, సర్దుకున్న లెక్కే తర్వాత తిరగబడుతుంది. ఆవిణ్ణి మళ్ళీ కూర్చోమని, ఇప్పుడే మఠానికి ఫోన్ చేద్దామన్నాను. మనకి సాయంత్రం, వాళ్ళకి తెల్లవారుజాము. మఠాల్లో ఆ వేళకి లేచే ఉంటారు.

ఫోన్ ఎత్తింది అక్కడి వ్యవహారాలు చూసే పెద్దాయన. అప్పట్లో మఠం వంటవాడి కొడుకట. తమిళ యాసతో తెలుగు బాగానే మాట్లాడారు. స్పీకర్ పెట్టాను.

"స్వామి వచ్చిన రోజు నాకు తెలుసు సార్. వానలో తడిసి ముద్దయి వచ్చారు. మా నాన్న పొడి పంచె ఇచ్చారు. కొన్నాళ్ళకే దండం ఇచ్చారు."

"మరి ఆ ఏడు చాతుర్మాస్యం లెక్కలోకి రాలేదేం?"

"ఎట్ల వస్తుంది? అది ఎప్పుడో అయిపోయింది కదా."

"వానలో వచ్చారన్నారు. వానల్లోనే కదండీ వ్రతం?"

అవతల పెద్దగా నవ్వు. "ఏ ఊరు సార్ మీది? ఆడి నెలలో, అదే మీ ఆషాఢంలో, మా ఊళ్ళో వాన ఎక్కడ? ఏట్లో నీళ్ళు వస్తాయి, అవీ పైనెక్కడో పడిన వానవి. మాకు వాన ఐప్పసిలో, దీపావళికి. స్వామి వచ్చింది దీపావళి అయిన పది పన్నెండు రోజులకి. తడిసిన టపాకాయలు ఎండబెట్టుకుంటున్నాను, బాగా గుర్తు."

"అయితే వానకాలం వ్రతం ఎండలో చేస్తారా?"

"ఎండలోనే! వెనకటి సన్యాసులు ఉత్తరం నుంచి వస్తూ వాళ్ళ వాన లెక్క వెంట తెచ్చుకున్నారని మా పెద్దలు చెప్పేవారు. వాళ్ళ కోసం మా వాన ముందుకు రాలేదు, మా కోసం వాళ్ళ వ్రతం వెనక్కి పోలేదు."

దీపావళి తర్వాత పది పన్నెండు రోజుల్లో వచ్చే ఏకాదశి అంటే కార్తీక శుద్ధ ఏకాదశి. ఆ ఏటి వ్రతం దాటిపోయింది, కాబట్టి యాభై ఒకటి. కృష్ణాష్టమి దాటి అప్పటికి రెండు నెలల పైనే. గోదావరి వాన ఎరిగిన ఇద్దరం కావేరి వానని కూడా అదే నెలలో కురిపించాం.

ఫోన్ పెట్టేశాక వసంతగారు హ్యాండ్‌బ్యాగ్ భుజం మీంచి తీసి టేబులు మీద పెట్టారు.

"తమ్ముడు పోయాక వెళ్ళాడన్నమాట."

"అవునండీ."

"అయినా అమ్మనీ నన్నూ వదిలేసే వెళ్ళాడు. అది మారదు కదా?"

"అది మారదండీ."

ఆవిడ చేతులు ఒళ్ళో పెట్టుకుని చూసుకున్నారు. "అంత చిన్నపిల్లల్ని దహనం చేయరు కదా. తమ్ముణ్ణి తెల్లపంచెలో చుట్టి ఎవరో చేతుల మీద తీసుకెళ్తుంటే నేను గుమ్మంలోంచి చూశాను. వెనకనుంచే చూశాను. ఇన్నేళ్ళూ ఎవరో చుట్టమనుకున్నాను. నాన్న లేడనుకున్నాను కాబట్టి నాన్న అని తట్టనే లేదు."

ఆ మాఘంలో ఆవిడ కుంభకోణం వెళ్ళి వచ్చారు. ఏం జరిగిందని నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు.

జ్ఞాపకం మీద తేదీ కట్టమని ఎవరైనా వస్తే ఇప్పుడు నేను ముందు ఊరు అడుగుతాను, ఆ ఊళ్ళో వాన ఎప్పుడో అడుగుతాను. తేడా వచ్చిన లెక్కని అందరూ మళ్ళీ చూస్తారు. నేను మాత్రం ఇట్టే అతికినట్టు సరిపోయిన లెక్కని ఎక్కువసేపు చూస్తున్నాను. ఆ రోజు నేను సర్దుకుని ఊరుకుని ఉంటే, తమ్ముణ్ణి మోసుకెళ్ళిన మనిషి ఆవిడకి ఎప్పటికీ ఎవరో చుట్టంగానే మిగిలిపోయేవాడు.