కింది తాడు

నిన్న గ్యారేజీ సర్దుతుంటే మా అమ్మాయి కాళ్ళకు కట్టుకునే పాత ప్యాడ్లు బయటపడ్డాయి. ముక్కు దగ్గర పెట్టుకుంటే ఇంకా ఆ నొప్పుల నూనె ఘాటు. మొదట నన్ను అనుమానంలో పడేసింది ఆ వాసనే. పిల్ల హైస్కూల్లో ఉండగా, ప్లేనో ఊళ్ళో మా ఇంటికి దగ్గర్లోనే ఒక థాయ్ మాస్టారి దగ్గర బాక్సింగ్‌లో చేరింది. పిడికిళ్ళే కాదు, మోకాళ్ళూ మోచేతులూ కూడా వాడే రకం. మా ఆయన ప్రతిదానికీ "ఎక్సర్‌సైజే కదా, వెళ్ళనీ" అనే మనిషి. అనుమానించే ఉద్యోగం మొత్తం నాకే వదిలేశారు. నేనూ ఆ పని శ్రద్ధగానే చేశాను. కాళ్ళమీద కమిలిన మచ్చలు చూసి, ఎవడైనా కుర్రాడు కొడుతున్నాడేమోనని దాని ఫోన్‌లోకి తొంగి చూశాను. ఏమీ దొరక్క, క్లాసుకే వెళ్ళి వెనక కుర్చీలో కూర్చున్నాను. పిల్లలందరూ మోకాళ్ళమీద కూర్చుని, మూడుసార్లు నేలకు నుదురు ఆనించి దణ్ణం పెడుతున్నారు. తలకు తాడులాంటి పట్టీ ఒకటి, అది మాస్టారే పెట్టాలట, నేలకు తగలకూడదట. మతంలో కలిపేసుకుంటున్నాడేమో అనుకున్నాను. అడిగితే ఆయన నవ్వి, అది గురువుకూ తల్లిదండ్రులకూ పెట్టే దణ్ణమన్నారు. పూర్వం యుద్ధంలో కత్తి చేజారిన సైనికులు ఒంటినే ఆయుధం చేసుకోగా ఈ విద్య పుట్టిందని వాళ్ళ పెద్దలు చెప్పుకుంటారట. గురువుకు దణ్ణం అనేసరికి కాస్త మెత్తబడ్డాను గానీ, మనిషి మరీ ఇంత మర్యాదగా ఉన్నాడేమిటని మళ్ళీ అనుమానం.

మొదటి పోటీ రోజు రానే వచ్చింది. దానికోసం ఏడాదిపాటు తెల్లవారకముందే లేచి పరుగెత్తింది పిల్ల. హాల్లో అబ్బాయిలు పై తాడు మీదుగా దాటి రింగులోకి వెళ్తున్నారు. మాస్టారు మా అమ్మాయిని మాత్రం అన్నిటికన్నా కింది తాడు కిందనుంచి దూరి వెళ్ళమన్నారు. ఎందుకని అడిగాను. ఆడవాళ్ళు తాడు మీదుగా దాటితే రింగుకు కట్టిన రక్ష పోతుందని పాత నమ్మకమట. తన గురువు నేర్పినదాన్ని తను మార్చలేనన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇన్నాళ్ళూ వెతుకుతున్న తప్పు ఇదిగో, దొరికింది. ఇంత కష్టపడ్డ పిల్ల నేలమీద పాకడమేమిటి, పద ఇంటికి అని చెయ్యి పట్టుకుని తలుపుదాకా లాక్కొచ్చాను. అక్కడ అది కదలకుండా నిలబడిపోయింది. కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని, గొంతు పెంచకుండానే అంది.

"అమ్మా, ఆ రూల్ నాకూ నచ్చదు. బట్ ఎవ్రీ మంత్ నువ్వు నన్ను పూజ రూమ్ బయటే నిలబెడతావ్. నేను ఇల్లు వదిలి వెళ్ళిపోయానా?"

మా అమ్మ నన్ను అలాగే నిలబెట్టింది, నేను దీన్ని నిలబెట్టాను. ఎందుకని అడిగినప్పుడల్లా నేను చెప్పిందీ మాస్టారు చెప్పిన జవాబే. చెయ్యి వదిలేశాను. అది పరుగున వెళ్ళి, కింది తాడు కిందనుంచి దూరి, లేచి నిలబడింది. ఆ రోజు ఓడిపోయింది. చివరిదాకా నిలబడే ఓడింది.

తర్వాతి నెల, అలవాటు ప్రకారం పూజ గది గడప అవతలే ఆగి, ప్రసాదం బయట పెట్టమంది. "లోపలికి రా" అన్నాను. ఈసారి అదే నన్ను అనుమానంగా చూసింది. వచ్చి నా పక్కన కూర్చుంది. దీపం వంకా పిల్ల వంకా చూస్తూ ఎంతసేపు ఉన్నానో తెలియదు. ఏమీ కాలేదు. మా అమ్మతోపాటే ఆవిడ కాలమూ పోయిందనుకున్నాను. ఆ కాలం ఇన్నేళ్ళూ నాలోనే కాపురముందని ఆ రోజే తెలిసింది.