కోడలి ఎర్రగీత

మా కోడలు ఏం పని చేస్తుందని ఎవరైనా అడిగితే మొదట్లో నేను "గీతలు గీస్తుంది" అని చెప్పేదాన్ని. బొమ్మలు వేస్తుందా అని ఒకావిడ, చెయ్యి చూసి చెబుతుందా అని ఇంకొకావిడ అడిగారు. నాకే సరిగ్గా తెలియనప్పుడు వాళ్ళకేం చెప్పను? నేను ఓపికున్నన్నాళ్ళూ కుట్టుమిషను తొక్కినదాన్ని. నా దగ్గర షెడ్యూలంటూ ఏదైనా ఉంటే అది ఒక్క మాట: "రేపు రండి." ఆ రేపు ఎప్పుడొస్తుందో నాకూ తెలియదు, గుడ్డ ఇచ్చినవాళ్ళకూ తెలియదు. అయినా అందరూ పెళ్ళిళ్ళకు కొత్త బట్టలు వేసుకునే వెళ్ళారు.

కోడలిది అలాంటి బేరం కాదు. ఆమె కట్టడాల కంపెనీలో ప్లానింగ్ ఇంజనీరు. వాళ్ళు ఒక పెద్ద బస్‌స్టాండు కడుతున్నారు. ఏ పని ఎప్పుడు మొదలవ్వాలి, ఎప్పటికి పూర్తవ్వాలి, ఏది అయ్యాక ఏది పట్టుకోవాలి అన్నదంతా కంప్యూటర్‌లో చార్టుగా పెట్టి, రోజూ సరిచూస్తూ ఉండాలి. ఒక్కో పనికి ఒక్కో అడ్డగీత. పొట్టి పనికి పొట్టి గీత, పొడుగు పనికి పొడుగు గీత. ఒక గీత చివరనుంచి ఇంకో గీత మొదటికి చిన్న బాణం.

"దీనికి కూడా జీతమిస్తారా?" అన్నాను, కొత్తగా కాపురానికొచ్చిన పిల్ల అని కూడా చూడకుండా.

"అత్తయ్యా, లైనింగ్ వెయ్యకుండానే జాకెట్టుకు హుక్కులు కుడతారా మీరు?" అంది.

"నాకేమైనా పిచ్చా?"

"అలాంటి పిచ్చి పని అక్కడ ఎవరూ చెయ్యకుండా చూసుకోడానికే నాకు జీతం."

సమాధానం నాకు నచ్చింది. నచ్చినట్టు కనపడనివ్వలేదు. అత్తగారన్నాక ఆ మాత్రం బెట్టు ఉండాలి కదా.

ఆ గీతల్లో కొన్ని నీలంగా ఉంటాయి, కొన్ని ఎర్రగా. నీలం పనులు ఒకటి రెండు రోజులు ఆలస్యమైనా కొంప మునగదు. ఎర్రవి అలా కాదు. వాటిలో ఏ ఒక్కటి ఒక్కరోజు వెనకబడినా మొత్తం బస్‌స్టాండే ఒక్కరోజు వెనకబడుతుంది. అందుకే సైటులో అందరూ ఈమెను ఎర్రగీత మేడం అంటారు. ఆమె మెట్లెక్కుతుంటేనే "ఎర్రగీత వస్తోంది, చేతులు కదపండ్రా" అని పైనుంచి కేకలు వినిపిస్తాయట. పాపం, ఈమె ఎవర్నీ ఒక్క మాట అనదు. మాట్లాడితే పక్క గదిలోకి కూడా వినపడదు. ఆ కరువంతా నేను తీరుస్తాను, నా నోట్లో నువ్వుగింజ నానదు.

ఇప్పుడు నవ్వుతూ చెబుతున్నాను గానీ, ఆ రోజుల్లో తల ప్రాణం తోకకొచ్చింది.

కడుపునొప్పి అని వెళితే స్కానింగ్ తీశారు. పిత్తాశయం నిండా రాళ్ళట. "బస్‌స్టాండుకు కంకర చాలకపోతే చెప్పమ్మాయ్, నా దగ్గరుంది" అన్నాను కోడలితో. ఆమె నవ్వలేదు. ఇంకా నానిస్తే ప్రమాదమన్నాడు డాక్టరు. ఆపరేషన్‌కు తేదీ ఇచ్చాడు. అది దాటితే మళ్ళీ తేదీ దొరకడం కష్టమని కూడా చెప్పాడు.

నాకు భయమేసింది. అబద్ధమెందుకు? నొప్పికి జడిసే మనిషిని కాను. మత్తిస్తారే, అదీ నా భయం. మత్తులోంచి కళ్ళు తెరిచేసరికి చుట్టూ అన్నీ తెలియని మొహాలే ఉంటే? కొడుకున్నాడు కదా అంటారు. మా వాడు బంగారం, కాదనను. కానీ సూది కనపడితే చాలు, కళ్ళు తిరిగి పడిపోతాడు. నాకు పరీక్షకని రక్తం తీస్తుంటే పక్కన నిలబడ్డ వీడు కూలబడ్డాడు. నర్సు నన్నొదిలేసి వీణ్ణి పట్టుకుంది. దూది నొక్కిపెట్టుకున్న చేత్తోనే వాడి మొహాన నీళ్ళు చల్లాను. అలాంటివాణ్ణి నమ్ముకుని ఆపరేషన్ బల్ల ఎక్కమంటారా?

కోడలు నా మనసు చదివినట్టే చెప్పింది. "ఆ వారమంతా సెలవు పెట్టేశాను అత్తయ్యా. మీరు కళ్ళు తెరిచేసరికి ఎదురుగా నేనుంటాను."

"ఉంటే ఉండు, లేకపోతే లేదు. నేనేమైనా చంటిపిల్లనా?" అన్నాను. లోపల మాత్రం ప్రాణం కుదుటపడింది.

మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టు, సరిగ్గా అప్పుడే బస్‌స్టాండు పని వెనకబడింది. వానలు పడ్డాయి, పని ఆగింది, అది అందరికీ తెలిసిందే. కానీ చార్టు చూస్తే వాన ఆపినదానికంటే చాలా ఎక్కువ ఆలస్యం చూపిస్తోంది. కిందనుంచి పైదాకా ఎరుపే. సైటు ఇన్‌చార్జికి నిద్ర కరువైంది. గడువు తప్పితే ఊరుకునేది లేదన్నారు పై ఆఫీసువాళ్ళు. ఆదివారాలు కూడా పనికి రమ్మన్నారు. ఆ తర్వాత అందరి సెలవులూ రద్దు చేశారు. మా కోడలి సెలవు కూడా అందులో పోయింది.

ఆమె ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలో నిలబడి చెప్పింది. "అడిగాను అత్తయ్యా. బతిమాలాను. చార్టు ఇలా ఉంటే నేనే కదలకూడదంటున్నారు."

"ఆ చార్టు గీసింది నువ్వేగా? ఆ గీతేదో కాస్త పక్కకు జరిపెయ్యి!"

"గీత జరిపితే స్లాబు తొందరగా గట్టిపడదు అత్తయ్యా."

"అయితే ఆపరేషన్ వాయిదా వేద్దాం. ఇన్నాళ్ళు మోసిన రాళ్ళు ఇంకొన్నాళ్ళు మోస్తాను."

"వద్దు. అది మాత్రం వద్దు."

"ఏం? నీ బస్‌స్టాండు ఆగకూడదు, నా ఆపరేషన్ ఆగకూడదు, నువ్వు మాత్రం రావు. బాగుంది వరస!"

అత్త మీద కోపం దుత్త మీద చూపిస్తారంటారు. మా ఇంట్లో ఆ రోజు కోపమొచ్చింది అత్తకే, దుత్తలు లేవు గనక స్టీలు గిన్నెలు మోగాయి. ఆమె అన్నం ముందు కూర్చుని మెతుకులు కెలికి లేచింది. ఆమె తప్పేమీ లేదని నాకు తెలుసు. తెలిసినా కోపం తగ్గలేదు, ఎందుకంటే అది కోపం కాదు, భయం.

ఆ ఆదివారం మధ్యాహ్నం దాకా సైటులో పనిచేసి వచ్చి, అన్నాల బల్ల మీద ల్యాప్‌టాప్ తెరిచింది. నేను కిటికీ పక్కన కూర్చుని మా వాడి చొక్కాకు గుండీలు కుడుతున్నాను. ఇద్దరి మధ్యా మాటల్లేవు. కాసేపటికి ఆమె తనలో తనే గొణుక్కోవడం మొదలుపెట్టింది. ఆమెకది అలవాటే. ఏ గీత దగ్గరైనా చిక్కు వస్తే మనిషిని నిలదీసినట్టు "నువ్వెవరి కోసం ఆగావు?" అని అడుగుతుంది. ఆ వేళ మాత్రం చివరనుంచి మొదటికి వస్తోంది.

"తిరగేసి చదువుతున్నావేంటి?" అన్నాను. ఎంతసేపని నోరు కట్టేసుకుంటాను?

"ముందునుంచి చూసి చూసి కళ్ళకు అలవాటైపోయింది అత్తయ్యా. ఏది చూసినా సరిగ్గానే ఉన్నట్టుంది." మళ్ళీ తెర వైపు తిరిగింది. "ప్రారంభోత్సవం ఎవరి కోసం ఆగింది? రంగుల కోసం. రంగులు ఎవరి కోసం? గోడల పూత కోసం. పూత ఎవరి కోసం? పై స్లాబు క్యూరింగ్ కోసం. క్యూరింగ్ ఎవరి కోసం..."

ఆగిపోయింది.

స్లాబు పోశాక నీళ్ళతో తడుపుతూ అది గట్టిపడేదాకా ఆగడాన్నే క్యూరింగ్ అంటారు, ఆ మాట వినీ వినీ నాకూ వచ్చేసింది. ఆమె ఆ గీత మీద వేలుపెట్టి అలాగే ఉండిపోయింది. తర్వాత ఇంకో స్లాబు గీత మీద నొక్కింది. తర్వాత ఇంకోటి. మొహం పాలిపోయింది.

"అయ్యో! అయ్యయ్యో! ఇది నేను చేసిన పనే" అంది.

నేను గుండీ సూదితో సహా కింద పడేశాను. మా వాడు లోపలి గదిలోంచి పరుగెత్తుకొచ్చాడు. వాడికి సూది కనపడకుండా ముందు దాన్ని తీసి దాచాను.

ఆమె చెప్పినదాంట్లో నాకర్థమైంది ఇదీ. ఆ సాఫ్ట్‌వేర్‌లో రెండు క్యాలెండర్లు పెట్టుకుంటారు. ఒకటి మనుషులకు. అందులో ఆదివారాలు, సెలవులు లెక్కలోకి రావు. రెండోది క్యూరింగ్‌లాంటి వాటికి. అందులో ఏ రోజూ పోదు, ఎందుకంటే మనం ఇంట్లో పడుకున్నా సిమెంటు దాని పని అది చేసుకుంటూనే ఉంటుంది. వానల రోజుల్లోనే కంపెనీ కొత్త సెలవుల జాబితా పంపింది. ఈమె గీతలన్నిటినీ పైనుంచి కిందదాకా ఒక్కసారే పట్టి, కొత్త క్యాలెండర్ వేసేసింది. క్యూరింగ్ గీతలు కూడా ఆ గుంపులో కొట్టుకుపోయాయి. అప్పటినుంచీ కాంక్రీటు కూడా ఆదివారం ఇంటికెళ్ళి కాళ్ళు బారజాపుకుని కూర్చుంటోందని కంప్యూటర్ లెక్క. ఇంకా పొయ్యాల్సిన స్లాబు స్లాబుకీ లేని రోజులు తగులుకున్నాయి. ఆలస్యం కనపడగానే అందరూ వాన మీదకు తోసేశారు. వాన నోరెత్తి కాదనదు కదా.

ఆ గీతలకు పాత క్యాలెండర్ తిరిగి వేసింది. ఎరుపు ఎక్కువభాగం చప్పున నీలమైపోయింది. మిగిలినదల్లా నిజంగా వాన తెచ్చిన ఆలస్యమే, ఆదివారాలు చేసిన పనితో అదీ పూడిపోయింది. పని గడువులోనే ఉంది, పైగా కాస్త వెసులుబాటు కూడా ఉంది.

"హమ్మయ్య!" అన్నాను. గుండెల మీది కుంపటి దిగినట్టయింది. కానీ ఆమె మొహంలో ఇంకా రక్తం లేదు.

మా వాడు కుర్చీ లాక్కుని నెమ్మదిగా అన్నాడు. "చప్పుడు చెయ్యకుండా సరిచేసి పంపించెయ్. ఆదివారాల పని వల్ల కోలుకున్నామని చెప్పు. అందరూ సంతోషిస్తారు. గోటితో పోయేదానికి గొడ్డలెందుకు?"

నిజం చెప్పనా? నాకూ అదే మంచిదనిపించింది. తప్పు తనదేనని చెబితే ఉద్యోగానికే ఎసరొస్తుందేమో. ఉద్యోగం ఉంటేనేగా సెలవు మాట.

ఆమె తల అడ్డంగా ఊపింది. "నా గీత చూసి వాళ్ళు ఆదివారాలు పిల్లల్ని వదిలేసి వచ్చారండీ. రేపు నేను ఏ గీత చూపించినా మళ్ళీ నమ్మి వస్తారు. చెప్పకపోతే వాళ్ళ మొహాలెలా చూడను?"

మర్నాడు ఆమె వెళ్ళాక నేను చేసిన పని ఒక్కటీ సరిగ్గా రాలేదు. టీలో ఉప్పేశాను. మా వాడు భయపడి చివరి చుక్కదాకా తాగేశాడు. ఎప్పటికో ఫోన్ మోగింది.

"అత్తయ్యా, సెలవులు తిరిగి ఇచ్చేశారు. అందరికీ. నాకు కూడా."

నేను ఏదో అనబోయాను, గొంతు పెగల్లేదు. నాకు మాట రాకపోవడం అదే మొదటిసారి కాబట్టి ఆమె కంగారుపడి "అత్తయ్యా, ఉన్నారా?" అని అరిచింది. ఆమెకు అంత గొంతుందని నాకప్పుడే తెలిసింది.

మిగతాది ఇంటికొచ్చాక చెప్పింది. మీటింగులో అందరి ముందూ లేచి నిలబడి, తప్పు ఎక్కడ జరిగిందో తెర మీద చూపించిందట. నావల్లే జరిగింది, క్షమించండి అందట. పై ఆఫీసాయన ఫోన్‌లో గట్టిగానే కడిగేశాడు. ఇన్‌చార్జి బల్ల మీద తల వాల్చేశాడట. కోపంతో అనుకున్నారు అందరూ. తల ఎత్తితే నవ్వు, కళ్ళనిండా నీళ్ళు. "అమ్మా ఎర్రగీతా, బతికించావు తల్లీ! ఇవాళైనా కాస్త కునుకు పడుతుంది నాకు" అన్నాడట.

కరెంటు పనుల సూపర్‌వైజరు మాత్రం చేతులు కట్టుకుని అడిగాడు. "మరి మేమొచ్చిన ఆదివారాల సంగతేంటి మేడం?"

"తిరిగివ్వలేనండీ. తప్పు నాది" అంది ఈమె.

ఆయన కట్టుకున్న చేతులు విప్పాడు. "పోనీ, వచ్చే ఆదివారం రావక్కర్లేదుగా?"

"అక్కర్లేదు."

"ఆ ఒక్క ముక్క రాసి సంతకం పెట్టివ్వండి, చాలు. మా ఆవిడ నా నోటిమాట నమ్మడం మానేసి చాలా రోజులైంది." గది గదంతా గొల్లున నవ్విందట. ఈమె నిజంగానే రాసి ఇచ్చింది.

ఆపరేషన్ రోజు పొద్దున మా వాణ్ణి కిందనే, మందుల దుకాణం దగ్గర కుర్చీలో కూర్చోబెట్టాం. చక్రాల బల్ల తలుపు దాకా వెళ్ళేంతవరకూ కోడలు నా చెయ్యి వదల్లేదు. నేను కూడా ఇంక బెట్టు చెయ్యలేదు. "భయమేస్తోందే" అన్నాను. "నాకూ వేస్తోంది అత్తయ్యా" అంది. ఆ మాటతో నాకెందుకో ధైర్యమొచ్చింది.

కళ్ళు తెరిచేసరికి ముందు తెల్లటి గోడ కనపడింది. తర్వాత సెలైన్ సీసా. ఆ తర్వాత మంచం పక్క కుర్చీలో మా కోడలు. కంటినిండా నిద్రపోయి ఎన్నాళ్ళయిందో, తల ఒక పక్కకు వాలిపోయి, నోరు తెరుచుకుని ఒళ్ళు తెలియకుండా నిద్రపోతోంది. నా చీర చెంగు మాత్రం గుప్పిట్లో పట్టుకునే ఉంది. ఆస్పత్రివాళ్ళు గౌను తొడిగేటప్పుడు నేను విప్పిచ్చిన చీర అది, మడతపెట్టి ఒళ్ళో పెట్టుకుంది.

గొంతు తడారిపోతోంది. కుట్లు సలుపుతున్నాయి. నర్సు వచ్చి నా కళ్ళు తెరుచుకుని ఉండటం చూసి, ఆమె భుజం మీద చెయ్యి వెయ్యబోయింది.

నేను సూదిలేని చెయ్యి ఎత్తి వద్దన్నాను.

"ఆవిణ్ణి లేపొద్దా? మీకు తోడుండాలి కదా" అంది నర్సు.

"పడుకోనీ తల్లీ" అన్నాను. "నేను మెలకువగానే ఉన్నాగా, తనకు తోడు."