మా మగ్గం ఎనిమిదో దెబ్బ

యాభై దాటాక అక్షరాలు నేర్చుకున్న ఆడమనిషి చేతికి ఫోనిస్తే ఎంత ఉపద్రవం జరుగుతుందో చెబుతాను. నవ్వుకోండి, నేనేమీ అనుకోను. నలుగురు పిల్లల రెండేళ్ల కష్టాన్ని నాలుగు వాక్యాలతో ముంచబోయాను నేను.

నాకు అక్షరాలు నేర్పింది మా చిన్నకూతురు సుజాత. ధర్మవరంలో మా మగ్గం గుంట పక్కన కూర్చోబెట్టి దిద్దించింది. అనంతపురంలో ఉద్యోగం చేస్తూ, సాయంత్రాలు బ్యాండులో డ్రమ్ములు వాయిస్తుంది. వాళ్లది ప్రోగ్రెసివ్ రాక్ అట.

"అంటే ఏమే?"

"తాళం ఒక తీరుగా ఉండదుమా. మారతా పోతాది. ఒక్క పాటలోనే నాలుగు పాటలుంటాయి."

"అన్నీ ఒక్కదాంట్లోనే కుక్కకుండా, మిగిలిన మూడూ రేపటికి దాచుకోకూడదా?"

ఒకరోజు బ్యాండువాళ్లు నలుగురూ వచ్చి, గుంట దగ్గర మైకు పెట్టి, నా మగ్గం చప్పుడు పట్టుకుపోయారు. దాంతో తొమ్మిది నిమిషాల పాట చేసి ఇంటర్నెట్‌లో విడుదల చేశారు. సుజాత ముందే చెప్పింది: "ఇదే ఆఖరుమా. దీన్ని గూడా ఎవరూ వినకపోతే బ్యాండు ఎత్తేస్తాం. డ్రమ్ములు అమ్మేస్తా."

వారమైంది. విన్నవాళ్లలో సగం మంది మా చుట్టాలే. వాళ్లూ మధ్యలోనే పారిపోయారు. "నాలుగు నిమిషాలైనా నోరు తెరవడు, పాడేవాడు యాడికి పోయినాడే?" అని మా వదిన నన్ను నిలదీసింది.

నేను మాత్రం కదలకుండా విన్నాను. ఐదో నిమిషంలో నా మగ్గం వచ్చింది. మనసు నూనెలో పడ్డ పూరీలా పొంగింది. అంతలోనే చప్పబడింది. ఎందుకంటే, నేను పోగులు దగ్గరపడేలా ఎనిమిది దెబ్బలు కొట్టి, నేసిన గుడ్డను ఒకసారి చేత్తో నిమురుతాను. ముప్పై ఏళ్ల అలవాటు. పాటలో ఏడే ఉన్నాయి. మళ్లీ విన్నాను. మళ్లీ ఏడే!

మా వీధిలో మగ్గం చప్పుడు తడబడితే దారిన పోయేవాళ్లు కిటికీలోంచి కేకేస్తారు, "ఏమక్కా, పోగు తెగిందా?" అని. విని కూడా చెప్పకుండా పోయినవాళ్లను మేము మనుషులుగా లెక్కేయం. అందుకని నేనూ కేకేశాను. పాట కింద రాసుకునే చోటు ఉంటుంది కదా, అక్కడ. నాకు రాయడం వచ్చింది రేషను కార్డు అర్జీ ఒక్కటే కాబట్టి, అదే పద్ధతిలో:

"గౌరవనీయులైన పాట పెట్టినవారికి నమస్కారం. ఇందులోని మగ్గం నాది. ఎనిమిది దెబ్బలకు ఒకటి తగ్గినది. ఇట్లా నేస్తే చీర నెలకే జల్లెడ అవుతుంది. దయతో సరిచేయగలరు. ఇట్లు, లక్ష్మీదేవి, ధర్మవరం."

పొద్దున్నే సుజాత ఫోను.

"అమ్మా! ఏం రాసినావు?"

"ఉండేదే రాసినా. ఒక దెబ్బ పోయిందే."

"అది మేమే తీసేసినాం! ఏడు దెబ్బల తాళంమా అది. రెండు నెలలు పట్టింది."

"రెండు నెలలు కష్టపడి చెడగొట్టినారా?"

"లోకమంతా చదివి నవ్వుతాండారు!"

నాకు అక్షరం పెట్టిన బిడ్డ డ్రమ్ములను ఆ అక్షరాలతోనే అమ్మించబోతున్నానా? వెంటనే రెండో అర్జీ పెట్టాను: "పై మాటలు వాపసు తీసుకొనడమైనది. వీరు మంచి పిల్లలు. తెలియక చేసినారు. ఒక్క దెబ్బే కదా, క్షమించి వినగలరు."

మంట ఆర్పడానికి కిరసనాయిలు పోయడమంటే ఇదే. దాని కింద జనం బారులు తీరారు. "అమ్మా, నాకూ ఏడే వినపడినాయి," అని ఒకరు. "మూడుసార్లు లెక్కపెట్టినా, లక్ష్మీదేవమ్మ చెప్పిందే నిజం," అని గుత్తి నుంచి ఇంకొకరు. పోయిన దెబ్బను వెతకడానికి అందరూ తొమ్మిది నిమిషాలూ విన్నారు. వెతుకుతూ వెతుకుతూ పాటను ఇష్టపడ్డారు. పది రోజులకు గిటారు వాయించే ఇమ్రాన్ ఫోను చేశాడు.

"అమ్మా, బెంగుళూరులో పెద్ద స్టేజీకి పిలిచినారు. నువ్వు గూడా రావల్ల."

"నేనెందుకప్పా? తిట్టడానికా?"

"డ్రమ్ములు అమ్మే పని లేదని నీ కండ్లతో చూడటానికి."

వెళ్లాను. ముందు వరసలో, చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చున్నాను. ఐదో నిమిషం వచ్చింది. నా మగ్గం ఏడు దెబ్బలు కొట్టింది. ఎనిమిదోది హాలంతా కలిసి చప్పట్లతో కొట్టింది! ప్రతిసారీ అంతే. నా ముఖం తెలియని మనుషులు, నా పోయిన దెబ్బను తలా ఒక చేయి వేసి తెచ్చిచ్చారు. డ్రమ్ముల వెనకనుంచి సుజాత నావైపే చూస్తూ నవ్వింది. నేను ఏడ్చాను, దాచుకోవడమెందుకు?

ఇంటికొచ్చి మగ్గం ఎక్కితే, నా చేయి ఏడు దెబ్బలకే ఆగిపోవడం మొదలుపెట్టింది. కిటికీలోంచి పక్కింటి ఓబులేసు కేకేశాడు.

"ఏమక్కా, పోగు తెగిందా?"

"లేదప్పా, ప్రోగ్రెసివ్!"

అట్లా ఏడు దెబ్బలతో నేసిన చీరను, మా చేత నేయించే షావుకారు తిప్పి పంపాడు. ఇప్పుడు నేనే కట్టుకుంటున్నాను.

కావున, ఇకమీదట ఏ పాట కిందనూ తప్పులు ఎన్నబోనని, నాకు అక్షరాలు నేర్పిన నా కూతురు మీద, తిప్పి పంపిన ఆ చీర మీద ఇందుమూలముగా ప్రమాణం చేయడమైనది.

ఇట్లు, లక్ష్మీదేవి, ధర్మవరం.