తిప్పయ్య బండి కూత

కదిరి బస్టాండు వెనక సైలెన్సర్ల గిరి అంటే పోలీసులకు కూడా తెలుసు. పెద్ద బండికి గంభీరంగా, కుర్రకారు బండికి కాస్త పొగరుగా, ఎవరికి కావలసిన గొంతు వాళ్ళకు పెట్టిస్తాడు. పైపు ఎంత కోయాలో, లోపలి రేకుకు చిల్లులు ఎక్కడ వేయాలో వాడికి చెవే చెబుతుంది. పక్కన సీటు కవర్లు కుట్టే నాకు మిగిలింది తలనొప్పి.

అలాంటివాడి సొంత అన్న తిప్పయ్య బండి మాత్రం ఊరందరికీ నవ్వులాట. పైపు చీలి, లోపలి రేకు ఊడి, తగరపు డబ్బాలో రాళ్ళు వేసి ఊపినట్టు మోగేది. "నా పరువు తీస్తాండావన్నా, మారుస్తా ఇయ్యి" అని గిరి ఎన్నిసార్లు అడిగినా ఇవ్వలేదు. గుట్ట మీద మేసే మేకలకు ఆ బండి మీదే నీళ్ళ క్యాన్లు మోసుకుపోయి తాపేవాడు.

ఈ ఎండల్లో తిప్పయ్య గుండెపోటుతో పోయాడు. గిరి ఏడవలేదు. దినం కాకముందే షాపు తెరిచాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. టీ తెచ్చిస్తే తాగడం మరిచేవాడు, తీసుకుపోతే అడిగేవాడూ కాదు. మొదట ముట్టుకున్నది అన్న బండినే. పాత పైపు విప్పి పాత ఇనుము కొనే గుజిరీవాడికి వేసేసి, కొత్త సైలెన్సర్ కట్టాడు. బండి చప్పుడే లేకుండా నడిచింది.

"ఇప్పుడు బాగుండాది" అన్నాడు. ముఖంలో ఏమీ లేదు.

ఆ బండి మీద గిరి నీళ్ళు తీసుకుపోతే గుట్ట మీది మేకలు దిగలేదు. మర్నాడూ అంతే. గుట్టెక్కి తోలబోతే బెదిరి ఇంకా పైకి పోయాయి. వదిన సుంకమ్మ మోకాళ్ళ నొప్పితో గుట్ట ఎక్కలేదు. ఆమెకున్న ఆధారం ఆ మేకల మందే. నేరుగా షాపు దగ్గరికే వచ్చింది.

"వాటికి మీ అన్న బండి కూతే తెలుసప్పా. ఇది ఎవురిదో అనుకుంటాండాయి. నీళ్ళు లేక సచ్చేదానికన్నా, పట్టుకోని పోయేవాళ్ళకు ఇచ్చేస్తా" అంది, కూరగాయల సంగతి చెబుతున్నట్టు. ఆమె కూడా అప్పటికే ఏడవడం మానేసింది.

గిరి తాను కట్టిన పైపునే రంపంతో చీల్చాడు. లోపలి రేకు వదులు చేశాడు. బండి స్టార్ట్ చేసి వదిన వైపు చూశాడు.

"కాదు. ఇంగా గలగల ఉండల్ల."

మళ్ళీ విప్పాడు. చీలిక పెంచాడు, రేకు ఒక పక్క ఊడగొట్టాడు. మంచి పనిని వాడు చేతులారా చెడగొడుతుంటే చూడలేకపోయాను. చివరికి సుంకమ్మ కళ్ళు మూసుకుని, "ఇదే" అంది.

సాయంత్రం నేనూ వెంట పోయాను. బండి గుట్ట కిందికి చేరేలోపే మేకలన్నీ రాళ్ళ మీదుగా దబదబా దిగి, గిరి నీళ్ళు పోస్తుండగానే తొట్టి మీద పడ్డాయి. మంద దక్కిందని నాకు ప్రాణం లేచొచ్చింది.

ఒక ముసలి మేక మాత్రం నీళ్ళు ముట్టలేదు. గిరి చేతులు వాసన చూసింది, బండి చుట్టూ తిరిగింది, వచ్చిన దారి వైపు చూస్తూ నిలబడిపోయింది. గిరి ఇంజను ఆపి, దాని పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"అన్న రాడే" అన్నాడు దాంతో. "సచ్చిపోయినాడు. నువ్వు తాగు."

ఆ మాట వాడి నోట వినడం నాకు అదే మొదటిసారి.