మేకకు ఆ సంగతి తెలీదు

ఇనాయతుల్లాకు పుస్తకంలో బొమ్మ కనబడితే చాలు, దాన్ని వర్ణించందే ముందుకు పోడు. లోకమంతా కేటలాగులో "బొమ్మలున్నవి" అని రాసి పేజీ తిప్పేచోట ఆయన కుర్చీ దగ్గరికి లాక్కుంటాడు.

ప్రొద్దుటూరులో ఆయన పనిచేసే చిన్న గ్రంథాలయానికి నారాయణ అధ్యక్షుడు. పాత సన్మాన సంచికలోని ఒక గ్రూపు ఫోటోకు ఇనాయతుల్లా ఇలా రాశాడు: "ముందు వరసలో పెద్దమనుషులు. పూలదండ వేసుకున్నాయన నిద్రపోతున్నాడు." దండ వేసుకున్నది నారాయణే.

"ఏందప్పా ఇది? నేను యాడ నిద్రపోతాండా? రెప్ప పడింది, అంతే!"

ఇనాయతుల్లా వినయంగా సవరించాడు: "దండ వేసుకున్నాయన కళ్లు మూసుకున్నాడు. నిద్ర కాదని ఆయనే చెప్పాడు."

ఇలాంటివన్నీ చివరికి లైబ్రేరియన్ వనజమ్మ మెడకు చుట్టుకునేవి. ఆమెకు జమ్మలమడుగు నుంచి రోజూ బస్సు ప్రయాణం, మోకాళ్ల నొప్పులు, అవి చాలవన్నట్టు ఇనాయతుల్లా. కేటలాగు కంప్యూటరుకెక్కించడం మొదలయ్యాక, పశువైద్యం పుస్తకంలో ఒక్క గేదె దగ్గరే ఆయన అరపూట ఆగిపోయాడు.

"గేదె అని కొట్టప్పా, పోదాం."

"కొట్టినా మేడమ్. మొగం శానా దిగాలుగా ఉండాది. అది రాయకుంటే ఎట్ల?"

"జబ్బు గేదె దిగాలుగా కాక పెండ్లికూతురి మాదిరి ఉంటాదా?"

"ఆ మాట గూడా రాసేదా?"

వనజమ్మ కళ్లద్దాలు తీసి కళ్లు నలుముకుంది.

చివరికి నారాయణ ఫోన్ చేశాడు. "శనివారం లోపల పిల్లోళ్ల బుక్కులన్నీ ఎక్కకుంటే ఆయప్పను మాన్పిచ్చి, పులివెందుల కంప్యూటర్ సెంటరోళ్లకు అప్పజెప్తా. నువ్వే చెప్పమ్మా."

శుక్రవారం మధ్యాహ్నానికి ఇంకా సగం మిగిలే ఉన్నాయి. చెబుదామని వనజమ్మ లేచింది. మోకాలు పట్టేసింది. కూర్చుంది. మళ్లీ లేవబోతుంటే ఖమర్‌బీ వచ్చింది. కూతురు కువైట్‌లో ఉంటే మనవరాలు ఇరమ్‌ను ఈమే పెంచుతోంది. పిల్లకు జ్వరమట, పోయిన నెల చదివిన పుస్తకమే మళ్లీ కావాలట.

"పేరేందమ్మా? ఈ స్లిప్పులో రాసియ్యి," అంది వనజమ్మ అలవాటుగా.

ఖమర్‌బీ స్లిప్పును అటూ ఇటూ తిప్పింది. "అద్దాలు ఇంట్లో మర్చిపోతి. పాప పేరు చెప్పే పంపిచ్చింది, దోవలో యాడో పడిపోయింది. మళ్ల వస్తాలే," అని వెనక్కి తిరిగింది.

"పేర్లు నాకూ నిలబడవు ఖాలా," అన్నాడు లోపల్నుంచి ఇనాయతుల్లా. "బొమ్మ చెప్పు."

ఖమర్‌బీ మొహం విప్పారింది. "మేక! వానలో గొడుగు కింద నిలబడుకోనుంటాది. గొడుక్కు చిల్లు!"

ఆయన రెండు మాటలు కొట్టాడు. తెరమీద ప్రత్యక్షమైంది: "వానలో మేక. నెత్తిన గొడుగు, గొడుగుకు చిల్లు. మేకకు ఆ సంగతి తెలీదు."

ఆయన తీసిచ్చిన పుస్తకాన్ని ఖమర్‌బీ కొంగులో దాచుకుని పోయింది.

"నేనడిగితే అద్దాలు లేవనింది, నీకైతే చిల్లుతో సహా చెప్పిందే!" అంది వనజమ్మ.

ఇనాయతుల్లా గొంతు తగ్గించాడు. "పేరు రాయమంటే సదువు రాదని అందరి ముందర చెప్పాల మేడమ్. బొమ్మయితే ఎవురైనా చెప్తారు. ఇట్లాటోళ్లు మనకు శానామంది వస్తాండారు."

వనజమ్మ బల్లమీది స్లిప్పుల కట్టను సొరుగులో పడేసింది. తర్వాత నారాయణకు ఫోన్ చేసింది.

"అన్నా, ఆయప్పను మాన్పిస్తే నన్నూ మాన్పించు. ఉంచుతావంటే మిగిలినవాటిలో సగం నేనెక్కిస్తా."

"మీరిద్దురూ ఒకటైతిరా? ఇంగ నా మాట ఎవురింటారు! సరే, ఇంగో వారం తీసుకోండి."

కుర్చీ లాక్కుని కూర్చుని వనజమ్మ మొదటి పుస్తకం తెరిచింది. "ఆవు" అని కొట్టి పేజీ తిప్పబోయింది. ఇనాయతుల్లా పక్కనుంచి తొంగిచూసి, అక్కడే నిలబడ్డాడు.

"ఏమప్పా, ఆవును ఆవని రాస్తే చాలదా? నా నడుము పడిపోతాంది!"

"ఆవులు మన కాడ శానా ఉండాయి మేడమ్, ఇది యా పక్కకు చూస్తాందో చెప్పకుంటే అడిగినోళ్లకు యా ఆవునిస్తాం?"