నాగభూషణం బండికి చలేస్తుంది

మనుషులకు చలేస్తుంది, గొడ్లకు చలేస్తుంది. ఇంజనుకు కూడా చలేస్తుందని, దానికి జలుబు చేస్తే ఇంటిల్లిపాదీ బాధ్యులేనని నమ్మినవాడు మా ఊళ్లో ఒక్కడే. పేరు నాగభూషణం. ఊరి నడుమ కిరాణా దుకాణం అతనిది. కార్తీకం మొదలు శివరాత్రి దాకా మాత్రం అతను సగం శెట్టి, సగం మంత్రసాని.

ఇది చెప్పడానికి నాకున్న అర్హత ముందు చెప్పాలి. నేను వీధిబడిలో ఐదో తరగతి దాకా చదివినవాణ్ణి. అయినా ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక మా పంచాయతీకి మొదటి ప్రెసిడెంటును నేనే. బడికి రేకులు వేయించింది నేను. గిద్దలూరు రోడ్డుకు కంకర పోయించింది నేను. చుట్టుపక్కల ఏడు ఊళ్ళలో మొట్టమొదటి ఆయిలింజను బావి మీద కూర్చోబెట్టింది కూడా నేనే. పైగా నాగభూషణం ఇంటికీ నా ఇంటికీ నడుమ ఒక్కటే గోడ. అతని బండి దగ్గితే నా మంచం కదిలేది.

రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు తరలిపోయినప్పుడు ఒక కాంట్రాక్టరు తన పాత వ్యాను అమ్ముకున్నాడు. ముందు ఇద్దరు కూర్చునే గది, వెనక సరుకు వేసుకునే తొట్టి, లోపల డీజిల్ ఇంజను. దాన్ని నాగభూషణం కొని తోలుకొచ్చాడు. ఊరంతా చుట్టూ మూగింది.

"రాజధానిలో పెరిగిన బండి అన్నా ఇది. మన కొండగాలికి తట్టుకుంటదో లేదో" అన్నాడు నాతో, కూతుర్ని అత్తారింటికి పంపే తండ్రిలాగా.

మా ఊరు గిద్దలూరుకు ఎనిమిది మైళ్ళు, నల్లమల మొదట్లో. పుష్యమాసంలో తెల్లవారుజామున గడప దాటాలంటే మగతనం కావాలి. మొదటి ఏడాదే ఒక పొద్దున బండి మొరాయించింది. ఆ రోజు నుంచి మొదలైంది అతని సేవ.

సాయంత్రం దీపాలు పెట్టే వేళకు బండిని దుకాణం ముందు ఏటవాలులో ముక్కు కిందికి ఉండేట్టు నిలిపేవాడు. రేడియేటరులోని నీళ్ళు కిందికి వదిలేసేవాడు, పొద్దున వేడినీళ్ళు పోయడానికి. బ్యాటరీ ఊడదీసి చంటిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకొని వంటింట్లోకి తెచ్చి పొయ్యికి బారెడు దూరంలో గోనెపట్టా మీద పడుకోబెట్టేవాడు. డీజిల్ గొట్టంలో చేరిన నీటిచుక్కలు దింపేవాడు. చివరికి ఇంజను మీద బొంత కప్పి, నాలుగు వైపులా దోపి, ఒకసారి తట్టి లోపలికి పోయేవాడు.

అతని భార్య రామతులసమ్మ నోరు మంచిది కాదు, మనసు మంచిది.

"పొయ్యి పక్కన బ్యాటరీ, పొయ్యి మీద బండి నీళ్ళు. నేను అన్నం యాడ వండాల? నీ నెత్తిన వండాల్నా?"

"రవ్వంతసేపు ఓర్చుకో తులసీ."

"నాకు పురుడు పోసినప్పుడు ఒక్కనాడన్నా బొంత కప్పినావా నువ్వు?"

"నువ్వు కప్పకున్నా లేస్తివి గదా. అది లేవదే!"

రామతులసమ్మ గరిటె విసిరింది. అతను బ్యాటరీకి అడ్డం నిలబడ్డాడు.

పొద్దున మరీ ఘోరం. ఒక ఇంటి వేడినీళ్ళు ఆ బండికి చాలేవి కావు. మొదటిసారి పోసినవి బండికి వెచ్చదనం ఇచ్చి చల్లబడితే వాటిని వదిలేసి, మళ్ళీ కాగినవి పోయాలి. అందుకని బిందె పట్టుకొని వీధిలో పడేవాడు. ఎదురింటి ఇందిరమ్మ స్నానాల గదికి తాళం వేయించుకున్నది అతని వల్లే.

ఒకసారి నా రోడ్డు చూడటానికి తాసీల్దారు వస్తున్నాడు. తలకు నూనె పెట్టుకొని వేడినీళ్ళ గాబు దగ్గరికి పోతే గాబు ఖాళీ.

"నాగభూషణం! నా నీళ్ళేవయ్యా?"

గోడవతల నుంచి నింపాదిగా జవాబు: "బండి తాగిందన్నా. నువ్వు చన్నీళ్ళు పోసుకున్నా నిలబడతావు, గట్టి మనిషివి."

నేను నూనె తలతోనే తాసీల్దారుకు దండ వేశాను. ఆయన నా రోడ్డును మెచ్చుకున్నాడు. తల సంగతి ఎత్తలేదు.

ఇంతా చేసి ఐదున్నరకు బండి లేపి ఎక్కడికి పోయేవాడంటే, అడవి వైపు. రెండు గంటలు తిరిగి వచ్చేవాడు. దుకాణం తెరిచేది ఎనిమిదికి.

"ఈ రెండు గంటలు యాడికి పోతావయ్యా?" అని అడిగితే, "ఇంజను వేడెక్కాల గదన్నా" అనేవాడు. వేడెక్కించడానికి తీసుకుపోయి, వేడెక్కినాక తెచ్చి చల్లార్చేవాడన్నమాట. దీనిమీద రచ్చబండ దగ్గర రోజూ నవ్వులే. నేనే ఎక్కువ నవ్వాను.

ఒక ఏడు చలికాలంలో మార్కాపురంలో ఉచిత కంటి ఆపరేషన్లు చేస్తామని కబురు వచ్చింది. మా పంచాయతీ నుంచి ఒక్కరికే చోటు ఇచ్చారు. ఆ ఒక్కటీ నేను నాలుగుసార్లు తిరిగి సాధించాను. కొండమీది గూడెంలో ముసలమ్మ అనే అవ్వకు రెండు కళ్ళూ పొరలు కమ్మి రెండేళ్ళయింది. కొడుకు చిన్నమల్లయ్య భుజం పట్టుకొని నడిచేది. ఆమె పేరే రాయించాను. పదిగంటలకు పేరు పిలుస్తారు. పలకకపోతే ఆ చోటు ఇంకొకరికి పోతుంది, మళ్ళీ ఎప్పుడు పెడతారో తెలియదు.

ముసలమ్మతో చిక్కేమిటంటే, ఊరికే ఇచ్చేదేదీ ముట్టదు. అంతకుముందు పంచాయతీ తరఫున గూడేనికి దుప్పట్లు పట్టుకుపోతే, "మేం అడిగినామా సామీ?" అని తిప్పి పంపింది. కంటి సంగతి చెబితే కూడా, "ఊరికే చేసే వైద్యం నాకొద్దు" అంది. నేను అరగంట ఉపన్యాసం ఇచ్చాను. నాలుగు రోజుల తర్వాత, సరే వస్తానని కబురు పంపింది. నా మాటకున్న బలం చూసి నేనే ఆశ్చర్యపోయాను.

ఏదో పనిమీద మార్కాపురం పోతున్నానని, ఆమెను బండిలో ఎక్కించుకుంటానని నాగభూషణం ఒప్పుకున్నాడు. సరిగ్గా ముందురోజు సాయంత్రం, ఇంజనుకు రావలసిన జ్వరం అతనికొచ్చింది. మూడు దుప్పట్ల కింద నుంచి నన్ను పిలిపించాడు.

"అన్నా, ఈ ఒక్కపూట బండిని నువ్వు పడుకోబెట్టాల. నీళ్ళు వదులు. బ్యాటరీ లోపలికి తే. గొట్టంలో తేమ దింపు. బొంత మరిచిపోవద్దు."

"నాకు చెప్తావా? ఏడు ఊళ్ళలో మొదటి ఆయిలింజను నాది."

"అది బావి మీద ఉంటదన్నా. ఇది రాజధానిలో..."

"పడుకో!"

బయటికి వచ్చి బండిని చూశాను. నా ఆయిలింజను ఏనాడూ బొంత అడగలేదు. ఇనుముకు ఈ గారాబమేమిటని బొంత మాత్రం పైన పడేసి, పోయి పడుకున్నాను. ఆ ఏటికి అంత చలి మళ్ళీ పడలేదు.

ఐదు గంటలకు నాగభూషణం మంకీటోపీ పెట్టుకొని, జ్వరం దిగిన మొహంతో బయటికొచ్చాడు. నేను అప్పటికే ఉత్తరీయం వేసుకొని తయారుగా ఉన్నాను. బ్యాటరీ నేనే తెచ్చి బిగించాననుకొని అతను తాళం తిప్పితే, బండి ముసలిదానిలా మూలిగింది. రెండోసారి మూలిగింది. మూడోసారి అదీ లేదు.

"అన్నా, చెప్పినవన్నీ చేసినావా?"

"ఓ, చేసినా."

అతను బొంత ఎత్తి బ్యాటరీ మీద చెయ్యి పెట్టాడు. అదే చెయ్యి నా చెంపకు ఆనించాడు. మంచుగడ్డ.

"చేయలేదు" అన్నాను.

కోప్పడితే బాగుండేది. అతను మెట్టుమీద కూలబడ్డాడు. "ఆరుకల్లా కొండ మొదట లేకపోతే ముసలవ్వ ఎనక్కి తిరిగిపోతదన్నా. మళ్ళీ రాదు. దానికి సాకు దొరికితే చాలు."

నా జీవితంలో నేను తలవంచుకున్న సందర్భాలు తక్కువ. అది ఒకటి. తలెత్తి, ప్రెసిడెంటు గొంతుతో వీధి అదిరేట్టు అరిచాను: "వేడినీళ్ళు తేండి!"

తలుపులు తెరుచుకున్నాయి. తాళం వేసుకున్న ఇందిరమ్మే ముందు గుండిగ మోసుకొచ్చింది. రామతులసమ్మ బాండలిలో నిప్పులు తెచ్చి ఇంజను ఆయిలు తొట్టి కింద పెట్టింది. ఇన్నాళ్ళూ నవ్విన వాళ్ళందరికీ ఏది ఎక్కడ పోయాలో తెలుసు! ఇంజనులోకి వెచ్చటి గాలి పోవాలని, గాలి పీల్చే గొట్టం దగ్గర నూనెగుడ్డ ఎవరు వెలిగించారో కూడా నేను చూడలేదు.

"అన్నా, ఆయిలింజను తిప్పిన చేయి నీది. హ్యాండిలు తిప్పు" అన్నాడు నాగభూషణం.

తిప్పాను. హ్యాండిలు ఎదురు తన్ని, ఒలికిన నీళ్ళ బురదలో నన్ను కూర్చోబెట్టింది. లేచి మళ్ళీ తిప్పాను. మళ్ళీ కూర్చున్నాను. మూడోసారి వీధి మొత్తం బండిని ఏటవాలులోకి తోసింది. అది దగ్గి, తుమ్మి, నల్లటి పొగ వదిలి లేచింది. నేను బురద పంచెతోనే ఎక్కాను.

కొండ మొదటికి చేరేసరికి ఆరు దాటింది. పొగమంచులో మనుషులు వెనక్కి తిరిగి నడుస్తున్నారు. హారను విని ఆగారు. ఒక్క ముసలమ్మ కాదు, పదిమంది. తేనె బుడ్లు, కుంకుడుకాయల మూటలు, చీపురు కట్టలు. చిన్నమల్లయ్య పరుగున వచ్చాడు.

"ఏం శెట్టీ, బండికి మళ్ళా జబ్బు చేసిందా? ఇంక రాదేమో అనుకుంటిమి!"

అందరూ అలవాటైనట్టు తొట్టిలోకి ఎక్కుతున్నారు. నేను చిన్నమల్లయ్యను పక్కకు పిలిచాను.

"ఏందయ్యా ఇది? రోజూ ఎక్కుతారా?"

"సలికాలం అంతా సామీ. పాపం, శెట్టి బండి ఖాళీగా పోతే వేడెక్కదంట, ఇంజను పగిలిపోతదంట. బరువు కావాలన్నాడు. మాకు నడిచి పోవడం కష్టమేం గాదు. ఆయన అంత బతిమాలుతుంటే కాదంటే ఏం బాగుంటది?"

"చార్జీ ఎంత?"

"ఇస్తే తీసుకోడు. బరువు యాడన్నా చార్జీ ఇస్తదా అంటాడు."

ముసలమ్మను ఎత్తి ముందుగదిలో మా ఇద్దరి నడుమ కూర్చోబెట్టారు. ఆమె సణుగుతూనే ఉంది: "నీ బండి జబ్బుతో సావొచ్చిందిరా కొడకా. ఇంతకీ మార్కాపురం దాకా బరువెందుకు?"

"దుకాణానికి పలకలు తేవాల అవ్వా. అంత దూరం ఖాళీగా పోతే ఇంకేమన్నా ఉందా!"

"అవ్వా, నేను ఆపొద్దు అంతసేపు కంటి గురించి చెప్తి గదా..." అన్నాను నేను.

"నువ్వేం చెప్తివో నాకు యాదిలేదు సామీ. ఈ శెట్టి కాళ్ళావేళ్ళా పడితే వస్తుండా. పోయినాక ఊరికే కూర్చునేది ఏముంది, ఆ కంటోళ్ళకు చూపించుకుంటాలే."

నేను కిటికీలోంచి బయటికి చూశాను. నాగభూషణం మాత్రం గేరు మారుస్తూ, ఇంజను చప్పుడు వింటున్నట్టు తల వంచుకున్నాడు.

మా ఊరు తగలని అడవిదారిన పోయి, తొట్టిలోని వాళ్ళను గిద్దలూరులో దింపి, మార్కాపురం చేరేసరికి పది కావస్తోంది. ఆసుపత్రి వాకిట్లో మేం దిగుతుండగానే లోపల "ముసలమ్మ" అని పిలిచారు. "ఉన్నాది!" అని అరిచింది నేనే.

ఎనిమిదో రోజు పొద్దున మేమిద్దరం మళ్ళీ పోయాం. కట్టు విప్పి, లోటా అడుగంత మందం కళ్ళద్దాలు పెట్టారు. ముసలమ్మ వాకిట్లో నిలబడి రోడ్డు చూస్తోంది. చలికి నోట్లోంచి ఆవిరి వస్తోంది. ఒక లారీ పోయింది. వెనక ఇంకొకటి. తర్వాత ఒక వ్యాను.

"ఒరే నాగభూషణా."

"ఏందవ్వా?"

"ఆ బండ్లన్నీ ఖాళీగానే పోతుండయి గదరా!"

నాగభూషణం రెప్ప వేయలేదు.

"అవన్నీ పెట్రోలు బండ్లు అవ్వా."

ముసలమ్మ అద్దాలు సర్దుకొని అతని మొహాన్ని చాలాసేపు చూసింది. రెండేళ్ళుగా గొంతు తప్ప ఆమె చూడని మొహం అది.

"అట్లనా" అంది చివరికి. బండి ఎక్కి, కొంగు సర్దుకొని కూర్చుంది. "ఈ ఎనిమిది రోజుల్లో నేను శానా చిక్కినా. నా బరువొక్కటే నీ బండికి చాలదు. రేపటి నుంచి మా పక్కింటి నాగేశ్వరమ్మను గూడా ఎక్కించుకో. అది బాగా లావు."