చెవులతో కట్టిన రైలు

మనిషికి తనకొక శరీరం ఉన్నదన్న సంగతి అది మొరాయించిన రోజునే తెలుస్తుంది. అతనికి ఆ రోజు చొక్కా బొత్తాం రూపంలో వచ్చింది. బొత్తాం కాజాలోకి దూరలేదు. రెండోసారీ దూరలేదు. వంగి చూస్తే అది అసలు వేళ్ళ మధ్యనే లేదు. ఉన్నదనుకొని ఉత్త గాలిని కాజాలోకి నెడుతున్నాడు.

బొగ్గు గనిలో పద్నాలుగేళ్ళు డ్రిల్లు పట్టిన చేతులవి. ఆ మర రాతిని ఎంత తొలిచిందో, తనను పట్టుకున్న వేళ్ళలోని నరాలనూ అంతే తొలిచింది. చలివేళల్లో వేళ్ళ కొసలు సుద్దముక్కల్లా తెల్లబడేవి. తర్వాత తిమ్మిరి పట్టింది. కొన్నాళ్ళకు ఆ తిమ్మిరి కూడా తెలియడం మానేసింది. డ్రిల్లు వదిలాక పదకొండేళ్ళుగా అతను గనిలో మనుషుల రైలు నడుపుతున్నాడు. పొద్దుటి షిఫ్టు వాళ్ళు నలభై మందిని వాలులో కిందికి దించడం, పని ముగిశాక పైకి తేవడం అతని బాధ్యత. కుదుపన్నది లేకుండా నడుపుతాడని తోటివాళ్ళు ‘నత్త బాబాయ్’ అని పేరు పెట్టారు. వెక్కిరింతగా పుట్టిన పేరు ఏళ్ళ మీద మర్యాదగా మారింది.

వాలులో బ్రేకు వేయడం ఒక విద్య. చాలకపోతే బండి ఆగదు. మించితే చక్రాలు బిగుసుకుపోయి పట్టాల మీద జారతాయి, అప్పుడు ఆపడం ఎవరి తరమూ కాదు. ఆ రెండింటికీ నడుమ, చక్రం బిగియబోయే క్షణంలో, బ్రేకు పిడిలో సన్నని వణుకొకటి పుడుతుంది. దాన్ని అరచెయ్యే పట్టుకోవాలి. గడిచిన వేసవిలో ఒకరోజు అతని అరచెయ్యి దాన్ని పట్టుకోలేదు. బండి ఆగవలసిన చోటు దాటి ఇరవై గజాలు జారింది. ఎవరికీ దెబ్బ తగలలేదు. “పట్టాల మీద నూనె పడింది” అన్నాడు. అతని మాట మీది నమ్మకంతో ఎవరూ వంగి చూడలేదు.

ఏటా జరిగే వైద్యపరీక్షకు అప్పటికి మూడు నెలల గడువుంది. ఈసారి వేళ్ళ స్పర్శ కూడా చూస్తారని, నెగ్గనివాళ్ళను ఇంటికి పంపేస్తారని చెప్పుకున్నారు. ఏదైనా దారి చెప్పమని ఆస్పత్రి నర్సును చాటుగా బతిమాలాడు.

“చిన్న చిన్న వస్తువులు ఏరి, ఒకదానితో ఒకటి కలుపుతూ ఉండండి. నరం బతికుంటే తిరిగొస్తుంది.”

“చచ్చిపోయుంటేనో?”

“చేసి చూస్తేనే కదండీ తెలిసేది.”

మరదలు ఆయాగా పనిచేసిన పిల్లల బడి ఆ మధ్యనే మూతపడింది. అక్కడివాళ్ళు పారేయబోయిన ప్లాస్టిక్ ఇటుకలను, బొటనవేలంత మోటార్లను, పళ్ళ చక్రాలను ఆమె నాలుగు సంచులకెత్తి తెచ్చింది.

“ఇదిగో బావా, నీ మందు. పూటకో గుప్పెడు.”

“మింగాలా, చప్పరించాలా?”

“ముందు కిందపడకుండా పట్టుకో. మింగే సంగతి తర్వాత చూద్దాం.”

మొదటి వారం రెండిటుకలు కలిస్తే ఒట్టు. వేళ్ళు నొక్కాయనుకున్న చోట నొక్కలేదు. ఇటుకలు జారి మంచం కిందికి దొర్లేవి. భార్య ఇంటిపట్టున బట్టలు కుడుతుంది. సాయంత్రం ఊడ్చేటప్పుడు గుప్పిట్లో పోగుచేసి తెచ్చి, “ఏవండీ, మీ మేడ మళ్ళీ కూలింది” అని నవ్వుతూ ఇచ్చేది. ఆ నవ్వులో ఎంత కష్టముందో అతనికి తెలుసు. తెలిసినట్టు కనబడేవాడు కాదు.

“ఓ ఇల్లు కట్టరాదూ, ఓ పువ్వు చెయ్యరాదూ” అంది మరదలు.

“ఎరగనివాటిని ఎలా చేస్తానే?”

ఎరిగినదే మొదలుపెట్టాడు. నేలబారుగా పొడవాటి ఒళ్ళు, ముందు పళ్ళున్న దిమ్మ, బొగ్గును కోసే యంత్రం. మోటారును దిమ్మకు నేరుగా తగిలిస్తే అది గిర్రున తిరిగి తన పళ్ళను తానే గది నలుమూలలా విసిరికొట్టింది. “బొగ్గు సంగతేమోగాని మా కళ్ళు తవ్వేట్టుంది” అని అక్కాచెల్లెళ్ళు తలుపు చాటుకు పరుగెత్తారు. చిన్న పళ్ళ చక్రంతో పెద్దదాన్ని, ఆ పెద్దదాని ఇరుసు మీది మరో చిన్నదానితో ఇంకో పెద్దదాన్ని తిప్పాడు. వేగం తగ్గి బలం పెరిగింది. తర్వాత బొగ్గు ఎత్తిపోసే బండి. చివరికి రైలు: ఇంజను, ఆరు పెట్టెలు, మంచంకోళ్ళ చుట్టూ పట్టాలు. మలుపు దగ్గర పెట్టెలు పడిపోతుంటే రెండు రోజులు కొట్టుకున్నాడు. అసలు బండికి ఉన్నట్టే చక్రాల జతలు పెట్టె కింద విడిగా తిరిగేలా మార్చాక నిలబడ్డాయి.

రెండో నెలకు కళ్ళకు తువ్వాలు కట్టుకొని కట్టసాగాడు. వరసగా వంద ఇటుకలు తప్పు లేకుండా కలిపాడు. ఆశకు సాధారణంగా రుజువు అక్కర్లేదు. అతనికి రుజువు కూడా దొరికింది. అంతకు మించిన ప్రమాదం లేదు.

పరీక్ష ఇంకా వారముందనగా, ఒక మధ్యాహ్నం భార్య తొందర పని మీద కుట్టుమిషను నడుపుతోంది. అతను తువ్వాలు కట్టుకొని ఏడో పెట్టె కడుతున్నాడు.

“కాసేపు ఆపవే. కనబడట్లేదు” అన్నాడు.

మరదలు పకపకా నవ్వింది. “కళ్ళకు గంతలు కట్టుకుని కనబడట్లేదంటావేంటి బావా!”

భార్య నవ్వలేదు. మిషను ఆపింది. ఇటుక మీద ఇటుక టిక్కుమని కూర్చుంది, ఆ పైది టిక్కుమని కూర్చుంది. మళ్ళీ నడిపింది. ఇటుకలు ఒకదాని మీద ఒకటి ఒరిగాయే గాని అతకలేదు. అతను మాత్రం అతికాయనుకొని పెట్టెను పైకెత్తాడు. అడుగుభాగం నేల మీదే ఉండిపోయింది. ఆమె మరొకసారి ఆపి, మరొకసారి నడిపి చూసింది. తర్వాత మిషను మీదే చేతులుంచి మెల్లగా అంది.

“కట్టేది మీ వేళ్ళు కాదండీ. మీ చెవులు.”

అతను తువ్వాలు విప్పాడు. చాలాసేపు ఆ సగం పెట్టెను చూశాడు.

“పరీక్ష గదిలో కుట్టుమిషను ఉండదు” అన్నాడు.

“వాలులో దిగేటప్పుడు మరి ఇంజను మోగదా?”

“నోర్ముయ్.”

ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆ మాట అదే మొదలు. ఆమె తల వంచి, కుట్టిన అంచునే మళ్ళీ కుట్టింది.

పరీక్ష గదిలో నిజంగానే ఏ చప్పుడూ లేదు. తెర కట్టిన పెట్టెలోకి చేతులు పోనిచ్చి, తొమ్మిది మేకులను రేకు బిళ్ళలోని కన్నాల్లో దించాలి. తొమ్మిదీ చిన్నగా పలికాయి. డాక్టరు గడియారం చూసి తల ఊపాడు.

“ఈ వయసులో ఇంత చురుకైన చేతులు అరుదండీ. ఇంటి దగ్గర ఏం చేస్తుంటారు?”

“రైళ్ళు కడుతుంటానండీ.”

డాక్టరు నవ్వి ముద్ర వేశాడు. వరండాలోకి వచ్చాక, ఆ కాగితం చేతిలో ఉన్నదో లేదో తెలుసుకోవడానికి అతను చెయ్యి వైపు చూసుకోవలసి వచ్చింది.

మర్నాడు పొద్దున్న బండి నిండింది.

“నత్త బాబాయ్! పాసయ్యావటగా, మిఠాయిలేవి?”

“నత్త నడిచొచ్చేసరికి మిఠాయి పాచిపోతుందిలేరా!”

ఇంజను మొదలైంది. ఆ హోరు కింద ప్రపంచంలోని ప్రతి చిన్న చప్పుడూ మునిగిపోయింది. అతను బ్రేకు మీద చెయ్యి వేశాడు. కళ్ళు అక్కడ చెయ్యి ఉందన్నాయి. చెయ్యి మాత్రం ఏమీ అనలేదు. చేతినే చూస్తూ నడపవచ్చు, కాని అప్పుడు పట్టాలను చూసేదెవరు? వెనక గార్డు ఈల వేశాడు. మళ్ళీ వేశాడు. అతను ఇంజను ఆపి కిందికి దిగాడు.

“ఏం బాబాయ్, కడుపునొప్పా?”

“చేతులు లేవురా.”

అంతా గొల్లున నవ్వారు. అతను కదలకుండా నిలబడేసరికి ఆ నవ్వు ఒక్కో పెట్టెలో ఆగుతూ పోయింది. సూపర్‌వైజరు పరుగెత్తుకొచ్చాడు.

“నిన్ననే కదయ్యా నువ్వు పనికొస్తావని రాశారు?”

“తప్పు రాశారు సార్.”

“డాక్టరు కంటే నీకెక్కువ తెలుసా?”

“తెలియట్లేదనే చెబుతున్నా సార్. నా చెయ్యి నాకు తెలియట్లేదు.”

దీన్ని త్యాగమనడానికి మనసొప్పదు. అతను ధర్మాన్ని ఆలోచించి దిగలేదు. భయపడి దిగాడు. ఆ భయం మూడు నెలలు ఆలస్యంగా వచ్చింది కూడా. అయినా ఆ పూట ఆ నలభై మందికీ తన భయాన్ని మించి అతను ఇవ్వగలిగినది లేదు.

అరగంటకు వేరే డ్రైవరు వచ్చాడు. రైలు ఒక్క కుదుపుతో కదిలింది. పెట్టెల్లోంచి తిట్లు వినిపించాయి. కొన్ని కొత్త డ్రైవరుకు, తక్కినవి అతనికి. చప్పుడు పూర్తిగా అణిగేదాకా నిలబడి గేటు వైపు నడిచాడు. షిఫ్టు మొదలయ్యాక ఆ గేటు దాటి బయటికి వెళ్ళేవాళ్ళుండరు. కాపలావాడు తాళంచెవి కోసం వెతుక్కున్నాడు.

“ఏం మర్చిపోయావు బాబాయ్?”

“ఏమీ లేదు. తియ్యి.”